జాంగ్రీతో అరకు

విశాఖలో ఉండేవాళ్ళకి అరకు వెళ్ళడం పెద్ద పనేం కాదు. 115 కిలోమీటర్ల దూరం. రాత్రి అనుకుంటే పొద్దున్నే బయల్దేరిపోవచ్చు, గది దొరక్కపోతే సాయంత్రానికి కొండ దిగిపోవచ్చు. మేం ఎప్పుడూ అలాగే వెళ్ళేవాళ్ళం. పోయిన శీతాకాలం మాత్రం శని, ఆదివారాల ప్రయాణానికి దాదాపు నెల ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాం. మాతో జాంగ్రీ కూడా వస్తోంది మరి.

జాంగ్రీ మా కుక్క. ఎంవీపీ కాలనీలో మా వీధి చివర దొరికిన పిల్ల. పడుకుంటే జాంగ్రీలా చుట్టుకుపోతుందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు 18 కిలోలుంటుంది. మేం ఊరెళ్ళినప్పుడల్లా దాన్ని మా అత్తయ్యగారు చూసుకునేవారు. ఈసారి ఆవిడ మా ఆడపడుచు దగ్గర కాకినాడలో ఉన్నారు. డబ్బులు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట్లు విశాఖలో లేకపోలేదు గానీ, కొత్తచోట జాంగ్రీ తిండి ముట్టదు. "దాన్ని ఎవరికో అప్పగించి వెళ్ళి మీరేం తింటారు, ఏం చూస్తారు? తీసుకుపోండి" అని అత్తయ్యగారే ఫోన్లో తేల్చేశారు.

రైలు సంగతి మొదటే పక్కన పెట్టేశాం. 50కి పైగా సొరంగాల్లోంచి వెళ్ళే ఆ కిరండూల్ లైను నాకు చాలా ఇష్టం. కానీ రైల్లో కుక్క మన పక్కనే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మనమే తీసుకోవాలి. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యానులో పెట్టెలో వెయ్యాలి. పెద్ద అద్దాలుండే విస్టాడోమ్ పెట్టెలో మేం కూర్చుని, ఇనప పెట్టెలో దాన్ని పెట్టడం కుదిరే పని కాదు. కాబట్టి కారే.

మామూలుగా అయితే ఏమేం చూడాలో ముందు అనుకుంటాం, గది ఆఖర్న చూసుకుంటాం. కుక్కతో వెళ్ళేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది. గది ఖాయమయ్యేదాకా మిగతాది ఏం అనుకున్నా దండగే. బుకింగ్ సైట్లలో పెంపుడు జంతువులకు అనుమతి ఉన్నవి చూపించమంటే కొన్ని పేర్లు వచ్చాయి. వాటిని నమ్మి డబ్బు కట్టెయ్యకుండా ఒక్కోదానికీ ఫోన్ చేశాను. ఒకాయన "తెచ్చుకోండి మేడమ్, వెనకాల షెడ్డుంది, అక్కడ కట్టేసుకోవచ్చు" అన్నాడు. ఇంకోచోట రాత్రికి 1,000 రూపాయలు అదనం, పైగా కుక్క గది దాటి ఎక్కడా కనబడకూడదు. మరి దాని కాలకృత్యాల సంగతేంటంటే అది మీరు చూసుకోవాలన్నారు. ఒక రిసార్టులో అన్నీ కుదిరాయి. చివర్లో "ఏ బ్రీడ్ మేడమ్?" అని అడిగాడు. మన ఊరకుక్కే అన్నాను. కనుక్కుని చెప్తానన్నాడు, మళ్ళీ ఫోన్ రాలేదు. అక్కడే ల్యాబ్రడార్‌తో దిగినవాళ్ళ ఫొటోలు నేను చూశాను. ల్యాబ్రడార్ 30 కిలోలుంటుంది, మనిషి భోజనం తింటుంది, సోఫా నిండా వెంట్రుకలు రాలుస్తుంది. దానికి లేని అభ్యంతరం జాంగ్రీకి ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఫోన్లు చేస్తూ చేస్తూ నాకు అడగాల్సినవి తెలిసొచ్చాయి. గదిలోనే పడుకోనిస్తారా? చుట్టూ గోడో కంచో ఉందా? మీ సొంత కుక్కలున్నాయా, ఉంటే కట్టేసి ఉంటాయా? భోజనం చేసేచోట కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకోవచ్చా? ఒప్పుకున్న ప్రతిదీ వాట్సాప్‌లో రాయించుకోవాలి. ఫోన్ ఎత్తేవాడు ఒకడు, మనం వెళ్ళే రోజు రిసెప్షన్లో ఉండేవాడు ఇంకొకడు. కొండ మీద చీకటి పడ్డాక, పక్కన కుక్కతో వాదన పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

చివరికి సుంకరమెట్ట దగ్గర, కాఫీతోటల పక్కన ఒక గిరిజన కుటుంబం తమ ఇంటి పక్కనే కట్టిన గదుల గురించి తెలిసింది. ఫోన్ ఇంటావిడే ఎత్తారు. నేను నా ప్రశ్నల చిట్టా తీసేలోపే ఆవిడ అడిగారు. "అమ్మా, మీ కుక్క కోళ్ళని పడతాదా?"

అప్పటిదాకా నేను మాట్లాడినవాళ్ళంతా జాంగ్రీ ఏమిటని అడిగారు గానీ, ఏం చేస్తుందని ఒక్కరూ అడగలేదు. "తెలీదమ్మా, పిల్లుల్ని మాత్రం తరుముతుంది" అన్నాను. "అయితే తెలుసుకుని చెప్పండి. మాకు కోళ్ళున్నాయి, మేకలున్నాయి. కోడిపోతే డబ్బులిచ్చేస్తామంటే కుదరదు, పెట్టలు గుడ్లు పొదుగుతున్నాయి" అన్నారు.

పెందుర్తిలో మా పిన్ని ఇంటి పెరట్లో కోళ్ళున్నాయి. మెడపట్టీకి బదులు ఒంటి చుట్టూ వేసే హార్నెస్ తొడిగి, గట్టి తాడు కట్టి, ఒక ఆదివారం జాంగ్రీని అక్కడికి తీసుకెళ్ళాం. గేటు దగ్గర నుంచే కోళ్ళని చూసింది. అరవలేదు, గుంజలేదు. చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్ళంతా బిగించి, రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడిపోయింది. అరిచే కుక్క కన్నా ఇలాంటి కుక్కతోనే జాగ్రత్తగా ఉండాలి. అది వేట చూపు. కోళ్ళ మీంచి చూపు తిప్పి నా వైపు చూసినప్పుడల్లా ఒక ఉడికించిన చికెన్ ముక్క పెడుతూ వచ్చాను. "కోడిని పట్టొద్దని చెప్పడానికి కోడినే పెడుతున్నావేమే?" అని పిన్ని ఒకటే నవ్వు. సాయంత్రానికి పది అడుగుల దూరంలో కుదురుగా కూర్చోగలిగింది. తాడు వదిలితే మాత్రం నాకే నమ్మకం లేదు.

అదే మాట ఇంటావిడకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పొద్దున తొమ్మిదింటిదాకా కోళ్ళని గూట్లోనే ఉంచుతాను. అప్పటికి మీరు తిరగడానికి వెళ్ళిపోండి. పొద్దు గూకితే అవే గూడెక్కేస్తాయి, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు. గది 2,500 రూపాయలు, కుక్కకి అదనం లేదు, దాని దుప్పట్లు మేమే తెచ్చుకోవాలి. ఆ ఫోన్ పెట్టేసేసరికి మా టూర్ ప్లాన్ సగం తయారైపోయింది. తొమ్మిదికి బయటపడాలి, చీకటి పడ్డాక చేరాలి. మిగతావన్నీ ఈ రెంటి మధ్య ఇమడాలి.

ఎప్పుడు వెళ్ళాలన్నది తర్వాతి ప్రశ్న. కార్తీకమాసం ఆదివారాలు వద్దనుకున్నాం. వనభోజనాల జనంతో చాపరాయి, వ్యూపాయింట్లు కిటకిటలాడతాయి. జనం కన్నా నా భయం వాళ్ళు వదిలేసి వెళ్ళే విస్తళ్ళ గురించి. ఇక క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఘాట్ మీద కార్లు బారులు తీరతాయి. ఈ రెంటి మధ్యలో డిసెంబరు మొదట్లో ఖాళీ దొరుకుతుంది. వలిసె పూలు అప్పటికి చివరికొచ్చేస్తాయి, పోనీలే అనుకున్నాం.

డాక్టర్ దగ్గరికి బయల్దేరడానికి పది రోజుల ముందే వెళ్ళాం. రేబిస్ టీకా గడువులోనే ఉంది, కార్డు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను. అసలు టెన్షన్ గోమార్లతో, అదే ఒంటికి పట్టి రక్తం పీల్చే టిక్స్‌తో. తోటల్లో, గడ్డిలో, పశువులు తిరిగే చోట అవి ఎక్కువ. ఒకసారి పట్టాయంటే ఎర్లీకియా, బబేసియా లాంటి జ్వరాలు అంటిస్తాయి. వెళ్ళేముందు రోజు హడావిడిగా కాకుండా కొన్ని రోజుల ముందే గోమార్ల మాత్ర వేయించమన్నారు. ఘాట్ రోడ్డులో వాంతుల గురించి కూడా అడిగాను. కుక్కల కోసమే మారోపిటాంట్ అనే మందుంది, బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలి, మోతాదు బరువుని బట్టి. మనం బస్సెక్కే ముందు వేసుకునే మాత్ర దాని నోట్లో వేసెయ్యకూడదు. పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివైతే ఇంట్లో ఎవరో మంచి మనసుతో వేసినా ప్రాణం మీదికి రావచ్చు. ఇది మా ఆయనకి ప్రత్యేకంగా చెప్పాల్సొచ్చింది. ఆయనకి ప్రపంచంలో అన్ని రోగాలకీ పారాసిటమాలే మందు.

కొండ మీద పశువైద్యశాల ఎక్కడుందో కూడా చూసిపెట్టుకున్నాను. ఇలా వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అరకు, అనంతగిరి 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పాత జాబితాల్లో ఇంకా విశాఖపట్నం జిల్లా కిందే దొరుకుతాయి. అక్కడి డాక్టర్లు ఎక్కువగా చూసేది ఆవుల్నీ మేకల్నీ. అందుకని మా డాక్టర్ నంబరు, మ్యాపులు, టీకా కార్డు అన్నీ నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్లో వేసుకున్నాం. ఘాట్‌లో సిగ్నల్ ఎక్కడ పోతుందో, ఎక్కడొస్తుందో చెప్పలేం.

మలుపుల అలవాటు కోసం జాంగ్రీని ఒకట్రెండు సాయంత్రాలు కైలాసగిరి రోడ్డు ఎక్కించాం. వెనక సీటు మొత్తం కప్పేలా ఊయల లాంటి గుడ్డ కవరు కట్టాం. హార్నెస్‌కి సీట్ బెల్ట్ బకిల్‌లో దిగే పట్టీ తగిలించాం. దాన్ని మెడపట్టీకి ఎప్పుడూ తగిలించకూడదు, సడన్ బ్రేక్ వేస్తే మెడ విరుగుతుంది. మా ఇంట్లో కారు నడిపేది నేను, వెనక దాని పక్కన కూర్చునేది మా ఆయన. ఏం గమనించాలో ఆయనకి అక్కడే తెలిసింది. కడుపులో తిప్పుతుంటే కుక్క ముందు పెదాలు నాక్కుంటుంది, ఊరికే ఆవలిస్తుంది, చొంగ కారుస్తుంది. చొంగ దాకా వచ్చిందంటే పక్కకి ఆపెయ్యాలి.

శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. ఇంకా ముందే వెళ్ళొచ్చు గానీ, డిసెంబరులో తెల్లవారుజామున ఘాట్ మీద మంచు బాగా కమ్మేసి ఉంటుంది. జాంగ్రీకి రాత్రి భోజనం తొందరగా పెట్టేసి, పొద్దున నీళ్ళు మాత్రమే ఇచ్చాం. ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా మామూలు రోడ్డే. అక్కడ పెట్రోలు, మాకు టిఫిను, దానికి చిన్న నడక. బొడ్డవర దాటాక ఘాట్. సగం ఎక్కేసరికి జాంగ్రీ ఆవలింతలు మొదలుపెట్టింది. మా ఆయన వెనక నుంచి "ఆపు, ఆపు" అన్నారు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీశాను.

ఎక్కడ ఆపాలన్నదానికీ లెక్కుంది. డముకు, గాలికొండ వ్యూపాయింట్ల దగ్గర కోతులుంటాయి. తినడానికి ఏదో దొరుకుతుందని కార్ల చుట్టూ చేరతాయి. కుక్క కనబడితే గుంపంతా ఒక్కటైపోతుంది. మేం జనం లేని, మలుపు లేని చోట్లే ఆపాం. తలుపు తియ్యడానికి ముందే తాడు చేతికి చుట్టుకోవడం అలవాటు చేసుకున్నాం. కిటికీ అద్దం నాలుగు వేళ్ళు దించడమే ఎక్కువ. తల బయటపెట్టనిస్తే ఫొటో బాగుంటుంది, కానీ ఆ రోడ్డులో ఎదురొచ్చే బస్సు ఎంత దగ్గరగా రాసుకుంటూ పోతుందో నడిపేవాళ్ళకి తెలుసు.

ఇక చూసినవాటి గురించి. పద్మాపురం గార్డెన్స్, మ్యూజియం మా జాబితాలోకే రాలేదు. బొర్రా గుహలకి మా అమ్మాయి పట్టుబట్టింది కాబట్టి వంతులు వేసుకున్నాం. వాళ్ళిద్దరూ లోపలికెళ్ళినంతసేపు నేను జాంగ్రీతో బయట. నేనెలాగూ చూసిందే. తడి మెట్లు, గబ్బిలాలు, తోసుకునే జనం ఉన్న ఆ చోటికి కుక్కని తీసుకెళ్ళాలని నాకు అనిపించలేదు. ఇద్దరికి మించి పెద్దవాళ్ళు ఉంటే ఈ వంతుల పద్ధతి సుఖంగా ఉంటుంది. కార్లో ఏసీ వేసి వదిలేసి వెళ్ళొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. చలికాలమైనా ఎండలో ఉన్న కారు నిమిషాల్లో వేడెక్కిపోతుంది, ఇంజన్ ఆగిందంటే ఏసీ కూడా ఆగినట్టే. ఆ పని నేను చెయ్యను.

మేం ఎక్కువసేపు గడిపింది సుంకరమెట్ట తోటల్లోనే. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. కోత కాలం కాబట్టి ఎర్రటి పళ్ళు దారి పొడుగునా రాలి ఉన్నాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మనకి అది గొప్పే, కుక్కకి మాత్రం కెఫీన్ విషం. చాక్లెట్ కూడా అంతే, అరకు దుకాణాల్లో కాఫీతో పాటు అదీ అమ్ముతారు. కింద పడిందేదీ నోట్లో పెట్టుకోకుండా "వదిలెయ్" అనే మాట జాంగ్రీకి ఇంట్లోనే బాగా నేర్పి తీసుకెళ్ళాం. ఆ రెండు రోజుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

కాఫీపళ్ళ మీద దానికి పెద్ద ఆశ లేదు. బొంగులో చికెన్ అమ్మేచోట మాత్రం నా ప్రాణం తీసింది. రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు కాలుతుంటే ఆ వాసనకి మనమే ఆగలేం. తిన్నవాళ్ళు ఎముకలు అక్కడే పారేస్తారు. వండిన కోడి ఎముక నమిలితే సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పైగా మసాలా, ఉల్లి, వెల్లుల్లి. మేం పొట్లం కట్టించుకుని కార్లో కూర్చుని తిన్నాం. జాంగ్రీకి ఇంటి నుంచి తెచ్చిన చప్పిడి అన్నం, గుడ్డు. దాని చూపులు తట్టుకోలేక మా అమ్మాయి సగం తిని ఆపేసింది.

ఊళ్ళలోని కుక్కల గురించి నేను చాలా భయపడ్డాను. అక్కడ ప్రతి గూడెంలోనూ కుక్కలుంటాయి, అవి వదిలేసే ఉంటాయి, అది వాటి ఊరు. మన కుక్క ఎంత మంచిదైనా కొత్తదే. కరిస్తే టీకా వేయించిన కుక్కకైనా మళ్ళీ రేబిస్ ఇంజక్షన్లు తప్పవు. ఇంటావిడకి ఈ మాట చెబితే "మా పిల్లాడొస్తాడు లెండి" అన్నారు. పన్నెండేళ్ళ కుర్రాడు చేతిలో చిన్న కర్రతో మా ముందు నడిచాడు. కర్ర ఒక్కసారి కూడా ఎత్తలేదు. కుక్కలన్నిటికీ వాడు తెలుసు, పేరు పెట్టి కసిరితే తోకలు ఊపుకుంటూ పక్కకి తప్పుకున్నాయి. వాడు లేకుండా ఆ ఊరి వీధుల్లోంచి నడిచేవాళ్ళం కాదు, తోటల వెనక నుంచి తిరిగొచ్చేవాళ్ళం.

రాత్రి చలి గట్టిగానే పెట్టింది. డిసెంబరులో అక్కడ పది డిగ్రీల కిందికి దిగుతుంది. జాంగ్రీది పొట్టి బొచ్చు. మా అమ్మాయి చిన్నప్పటి స్వెటర్ తొడిగి, ఇంట్లో అది రోజూ పడుకునే బొంత మంచం పక్కన వేశాం. ఉతక్కుండా తీసుకెళ్ళడం మంచిదైంది, తన వాసన తగిలాక గది చుట్టూ తిరగడం మానేసి పడుకుంది.

ఆదివారం సాయంత్రం ఘాట్ దిగే రద్దీ తెలిసిందే కాబట్టి భోజనం కాగానే బయల్దేరాం. దిగేటప్పుడు మలుపులు ఇంకా ఇబ్బంది పెడతాయని మెల్లగా నడిపాను, వెనక నుంచి హారన్లు కొట్టేవాళ్ళకి దారిచ్చేశాను. ఇంటికి రాగానే బాల్కనీలో దువ్వెనతో కూర్చున్నాం. చెవుల లోపల, చంకల్లో, కాలి వేళ్ళ సందుల్లో, తోక కింద వెతికాం. గోమారు ఒకటి దొరికింది. పీకెయ్యకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. మాత్ర వేసినా ఈ వెతుకులాట తప్పదు. ఎర్లీకియా బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి, అన్ని రోజులూ తిండి మీద, ఒంటి వేడి మీద కన్నేసి ఉంచాం. ఏమీ రాలేదు.

ఇంటావిడకి క్షేమంగా చేరామని ఫోన్ చేశాను. కోళ్ళ లెక్క సరిపోయిందన్నారు. మార్చి, ఏప్రిల్లో వానపడితే కాఫీ పూస్తుందట, తోటంతా మల్లెపూల వాసన వస్తుందట, రమ్మన్నారు. "అప్పటికి పిల్లలు తిరుగుతుంటాయి, దానికి ఇంకొంచెం నేర్పి తీసుకురండి" అని కూడా అన్నారు. పిన్ని దగ్గర మళ్ళీ పాఠాలు మొదలుపెట్టాం. ఇప్పటికి ఆరడుగుల దూరం దాకా వచ్చింది.